మూత కనిపెట్టినాయన, మూత పెట్టడం నేర్పినావిడ

పోయిన నెల ఒక సోమవారం పొద్దున నా లాప్‌టాప్ బ్యాగులో పప్పుచారు ఒలికింది. చార్జరు, నోట్‌బుక్కు, ఐడీ కార్డు, అన్నీ పప్పుచారులో స్నానం చేశాయి. లాప్‌టాప్ మాత్రం దాని అరలో అది విడిగా ఉండబట్టి బతికిపోయింది. ఆఫీసు పాంట్రీలో టిష్యూ పేపర్లతో తుడుచుకుంటూ అమ్మకి ఫోన్ చేశా. ఓదారుస్తుందనుకున్నా. అబ్బే!

"వేడివేడిది పోసి మూత పెట్టేశావా?"

"టైమవుతోందని పెట్టేశానమ్మా."

"గాలి తీశావా?"

"గాలేంటి?"

"మూత మధ్యలో నొక్కి, ఓ మూల కాస్త ఎత్తితే తుస్సుమని గాలి పోద్ది కదరా. అప్పుడు మూల నొక్కెయ్యాలి. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ ఏం చదివావో ఏమో!"

నిజమే. మరిగే పప్పుచారు పోసి మూసేస్తే లోపల ఆవిరి మూతని పైకి తంతుంది. చల్లారాక పోసి, గాలి కొంచెం బయటికి పంపి మూస్తే లోపలి వత్తిడి బయటికన్నా తగ్గి, బయటి గాలే మూతని పట్టి ఉంచుతుంది. ఇంటర్ ఫిజిక్సు! నాకు తెలిసిన విషయమే, కానీ నాకు 'తట్టని' విషయం. మరి డిగ్రీ మధ్యలో ఆపేసిన మా అమ్మకి ఎవరు చెప్పారు? మా వీధి చివర ఆంటీ. ఆంటీకి? ఆవిడకి డబ్బాలు అమ్మడం నేర్పినావిడ. ఆవిడకి? ఇలా వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతే 1940ల నాటి అమెరికాలో తేలాను. ఆ తవ్వకాల్లో దొరికిన కథే ఈ టపా. కథ చివర్లో నా నేరం కూడా ఒకటి ఒప్పుకోవాలి. అది తర్వాత.

ముందు ముడిసరుకు సంగతి. 1933 మార్చిలో ఇంగ్లండులోని చెషైర్‌లో, ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే ఇద్దరు ఇథిలీన్ వాయువుని విపరీతమైన వత్తిడిలో ఇంకేదో రసాయనంతో కలుపుదామని చూశారు. అనుకున్నది కాలేదు. పాత్ర అడుగున తెల్లగా మైనంలాంటి పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. దాని వల్ల ఉపయోగమేంటో కొన్నేళ్ళు ఎవరికీ సరిగ్గా తెలియలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ కేబుళ్ళకి తొడుగుగా భలే పనికొచ్చింది. అంటే ఇవాళ మనం గోంగూర పచ్చడి దాచుకునే సరుకు మొదట విమానాల్ని కనిపెట్టడానికి పనిచేసిందన్నమాట.

ఇప్పుడు మన కథానాయకుడు. ఎర్ల్ సైలస్ టప్పర్, 1907లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పుట్టాడు. పేద రైతు కుటుంబం. పదేళ్ళ వయసులోనే ఇంటి కూరగాయల్ని గడప గడపకీ తిరిగి అమ్మేవాడట. పెద్దయ్యాక చెట్లకి వైద్యం చేసే వ్యాపారం పెట్టి 1936లో దివాలా తీశాడు. కానీ మనిషి అసాధ్యుడు. నోటు పుస్తకాల నిండా ఐడియాలు, బొమ్మలు. కారకుండా ఉండే ఐస్‌క్రీమ్ కోను, చేప ఈదితే కదిలే పడవ... ఇలాంటివి :) మన టీముల్లో కూడా ఇలాంటివాడు ఒకడుంటాడు కదా, వైట్‌బోర్డు కనపడితే ఆగడు.

1937లో డ్యూపాంట్ వాళ్ళ ప్లాస్టిక్ విభాగంలో ఒక ఏడాది పనిచేసి, 1938లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. యుద్ధకాలంలో గ్యాస్ మాస్కుల భాగాలు, నౌకాదళానికి సిగ్నల్ దీపాలు చేసిచ్చాడు. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, 'పనికిరాని సరుకేమైనా ఉంటే ఇవ్వండి' అని డ్యూపాంట్ వాళ్ళని అడిగితే, నల్లగా, గట్టిగా, జిడ్డుగా, కంపుకొట్టే పాలిథిన్ ముద్దలు ఇచ్చారు. టప్పర్ దాన్ని శుద్ధి చేసి, అచ్చుపోసి, తేలిగ్గా, మెత్తగా, కింద పడితే పగలకుండా ఉండే గిన్నెలు తయారుచేశాడు. అప్పటిదాకా జనం చూసిన ప్లాస్టిక్కు పెళుసుగా ఉండేది, వాసన కొట్టేది. 1946కల్లా గిన్నెలు మార్కెట్లోకి వచ్చాయి.

అసలు తెలివి గిన్నెలో కాదు, మూతలో ఉంది. పెయింటు డబ్బా మూత చూశారు కదా, అంచు గాడిలో బిగుసుకుని కూర్చుంటుంది. దాన్ని తిరగేసి తన గిన్నెకి పెట్టాడు టప్పర్. 1947లో పేటెంటుకి దరఖాస్తు చేస్తే 1949లో వచ్చింది.

ఇంతకీ ఈ మూత అప్పుడే ఎందుకు అవసరమయింది? యుద్ధం అయిపోయాక అమెరికా మధ్యతరగతి ఇళ్ళలో ఫ్రిజ్‌లు మామూలైపోయాయి. ఫ్రిజ్ ఉంటే మిగిలింది రేపటికి దాచొచ్చు. కానీ మూత లేకుండా పెడితే ఆరిపోతుంది, ఉల్లిపాయ వాసన పాలకి ఎక్కుతుంది. అందుకని గిన్నె మీద పళ్ళెం బోర్లించడం, మైనపు కాయితం కప్పడం, ఆఖరికి స్నానానికి పెట్టుకునే షవర్ క్యాపు తొడగడం దాకా అన్నీ చేసేవాళ్ళు. ఈ అవస్థకి టప్పర్ మూత సరిగ్గా సరిపోయే జవాబు.

పత్రికలు ఆకాశానికెత్తాయి. 1947లో 'హౌస్ బ్యూటిఫుల్' పత్రిక దీన్ని 39 సెంట్లకి దొరికే కళాఖండం అంది. టప్పర్ న్యూయార్కులో ఫిఫ్త్ అవెన్యూలో షోరూమ్ కూడా తెరిచాడు. తర్వాతి రోజుల్లో ఈ గిన్నెలు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలోకి కూడా ఎక్కాయి.

అంతా బానే ఉంది. ఒక్కటే ఇబ్బంది. దుకాణాల్లో ఎవడూ కొనలేదు.

కొన్నవాళ్ళలో కొందరు తిరిగి తెచ్చిచ్చారు, "మూత పట్టడం లేదు" అని. మూతలో లోపమేమీ లేదు. ఎలా పెట్టాలో వాళ్ళకి తెలీదు, అంతే. గాజు సీసా మూత తిప్పడం తెలుసు, సత్తు గిన్నె మీద మూత బోర్లించడం తెలుసు. మధ్యలో నొక్కి, మూల ఎత్తి, గాలి పంపి మూసే మూత వాళ్ళ జన్మలో చూడలేదు. అలమారలో పెట్టిన గిన్నె తనంతట తాను ఆ సంగతి చెప్పుకోలేదు కదా!

ఇది చదివినప్పుడు నాకు ఎక్కడో తగిలింది. మనం కూడా అంతే. "ఫీచర్ ఉంది, యూజర్‌కే వాడటం రావట్లేదు" అని ఎన్నిసార్లు అనుకున్నాం? ఎన్ని టికెట్లు 'లోపం కాదు' అని రాసి మూసేశాం?

ఇక్కడ రెండో మనిషి వస్తుంది. బ్రౌనీ వైజ్. 1913లో జార్జియా రాష్ట్రంలో పుట్టింది. పెళ్ళయ్యాక డెట్రాయిట్ దగ్గరికి వచ్చింది. కొన్నేళ్ళకి విడాకులు, చేతిలో ఒక కొడుకు. ఒక విమాన భాగాల కంపెనీలో సెక్రటరీ ఉద్యోగం, పత్రికలో కలం పేరుతో రాతలు. జీతం చాలక, స్టాన్లీ హోమ్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ చీపుళ్ళు, క్లీనింగ్ సామాను అమ్మడం మొదలెట్టింది. ఆ కంపెనీ సరుకు దుకాణాల్లో కాక, ఎవరో ఒకరింట్లో పదిమంది ఆడవాళ్ళు కూడినప్పుడు చూపించి అమ్మేవాళ్ళు. అంటే ఇంట్లో పార్టీ పెట్టి అమ్మే పద్ధతి బ్రౌనీ కనిపెట్టింది కాదు, ముందునుంచీ ఉన్నదే. స్టాన్లీలో పైకి ఎదగాలనుకుంటే, యాజమాన్యంలో ఆడవాళ్ళకి చోటు లేదని పెద్దాయన తేల్చేశాడట. ఆ కోపం కూడా ఉంది ఆమెలో.

టప్పర్ గిన్నె ఆమె చేతికొచ్చింది. ఆమెకీ మొదట్లో మూత అర్థం కాలేదు. కానీ అర్థమయ్యాక ఒకటి గ్రహించింది: ఈ వస్తువుని అమ్మడం కుదరదు, చూపించాలి. పసిపిల్లకి పాలు పట్టాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పిస్తాం కదా, గిన్నెకీ అలాగే త్రేన్పు తెప్పించాలి అని చెప్పేది. ఇంగ్లీషులో ఆ మూత నొక్కడాన్ని ఇప్పటికీ 'బర్ప్' అనే అంటారు. పిల్లల్ని పెంచిన ఏ తల్లికైనా ఒక్కసారి వింటే చాలు, జన్మలో మర్చిపోదు. పది పేజీల మాన్యువల్ చెయ్యలేని పని ఒక్క పోలిక చేసింది.

అంతటితో ఆగలేదు. గిన్నె నిండా నీళ్ళో ద్రాక్షరసమో పోసి, మూసి, గదిలో అటువైపున్నావిడకి విసిరేది. చుక్క కారేది కాదు. గిన్నె కింద పడినా పగిలేది కాదు. అందరూ నవ్వేవాళ్ళు, అందరూ కొనేవాళ్ళు.

1950లో బ్రౌనీ తల్లినీ కొడుకునీ తీసుకుని ఫ్లోరిడాకి మారింది. ఆమె పంపే ఆర్డర్లు ఎంతగా పెరిగాయంటే, కంపెనీ నుంచి సరుకు టైముకి వచ్చేది కాదు. ఒకరోజు ఒళ్ళు మండి ఫోన్ తీసి నేరుగా టప్పర్‌కే చేసి దులిపేసింది. అవతలాయనకి జ్ఞానోదయం అయింది. పెద్ద పెద్ద దుకాణాలు అమ్మలేనిది ఈమె గుంపు అమ్ముతోంది! 1951లో ఆమెని పిలిచి, ఇళ్ళలో పార్టీల విభాగానికి వైస్ ప్రెసిడెంటుని చేశాడు. దుకాణాల నుంచి సరుకు మొత్తం వెనక్కి తీసేసుకున్నాడు. ఇక టప్పర్‌వేర్ కావాలంటే పార్టీలోనే కొనాలి. ఎంత ధైర్యం చూడండి!

ఫ్లోరిడాలోని కిసిమ్మీ దగ్గర అమ్మకాల కేంద్రం వెలిసింది. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసి, యుద్ధం అవగానే "ఇక ఇంటికెళ్ళండి" అనిపించుకున్న ఆడవాళ్ళు ఎంతోమంది. వాళ్ళకి ఇల్లు వదలకుండా, మొగుడితో గొడవ పడకుండా నాలుగు డబ్బులు సంపాదించే దారి దొరికింది. డబ్బే కాదు, స్టేజీ మీదికి పిలిచి పేరు చదివి చప్పట్లు కొట్టడం కూడా ఉండేది. వంట బాగా చేసినందుకు ఇంట్లో ఎవరు చప్పట్లు కొడతారు చెప్పండి? 1954 నుంచి ఏటా 'జూబిలీ' అని పెద్ద జాతర. నేలలో బహుమతులు పాతిపెట్టి, ఆడవాళ్ళకి పారలిచ్చి తవ్వుకోమనేవాళ్ళు. బ్రౌనీ దగ్గర నల్లటి పాలిథిన్ ముద్ద ఒకటి ఉండేది. దాన్ని ముట్టుకుని కోరిక కోరుకోండి, తర్వాత వెళ్ళి ఒళ్ళొంచి పనిచెయ్యండి అనేది. మన ఆల్ హ్యాండ్స్ మీటింగులు ఆమె కాళ్ళ కింద కూడా చాలవు.

టప్పర్‌కి జనం పడదు. ఫోటోలు పడవు. ఆయన ఫ్యాక్టరీలో అచ్చుల దగ్గర ఉంటే, కంపెనీకి ముఖం బ్రౌనీ అయింది. 1954 ఏప్రిల్‌లో 'బిజినెస్ వీక్' పత్రిక అట్ట మీద ఆమె బొమ్మ వేసింది. ఆ పత్రిక అట్ట మీదికి ఎక్కిన మొదటి మహిళ ఆమే. గొడవ అక్కడే మొదలైంది అంటారు. ఆ తర్వాత టప్పర్ ఆమెకి ఒక చీటీ రాశాడు. మర్యాదగానే. గిన్నెలు కూడా ఉన్న ఫోటోలే తనకి ఎక్కువ నచ్చుతాయని దాని సారాంశం. పత్రికల వాళ్ళ దృష్టిలో గిన్నెల కన్నా గిన్నెలమ్మే మనిషి పెద్దదైపోతోందని ఆయన బాధ.

1958 జనవరిలో ఆమెని తీసేశారు. కంపెనీలో ఆమెకి ఒక్క షేరు లేదు. ఎక్కడా రాసుకున్న కాంట్రాక్టూ లేదు. 16 లక్షల డాలర్లకి దావా వేస్తే చివరికి దక్కింది ఒక ఏడాది జీతం, సుమారు 30 వేల డాలర్లు. అదే ఏడాది టప్పర్ కంపెనీని రెక్సాల్ అనే మందుల కంపెనీకి 1 కోటి 60 లక్షల డాలర్లకి అమ్మేశాడు. భార్యకి విడాకులిచ్చి, మధ్య అమెరికాలో ఒక దీవి కొనుక్కుని, అమెరికా పౌరసత్వం కూడా వదిలేసుకున్నాడు. 1983లో కోస్టారికాలో పోయాడు. బ్రౌనీ సొంతంగా సౌందర్య సాధనాల వ్యాపారం పెట్టింది కానీ నిలబడలేదు. 1992లో పోయింది. కంపెనీ చెప్పుకున్న చరిత్రలో చాలా ఏళ్ళు ఆమె పేరే లేదు. 2016లో కిసిమ్మీ ప్రాంతంలో ఆమె పేరిట ఒక పార్కుకి కంపెనీ డబ్బిచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు పట్టింది!

టప్పర్‌ని దుర్మార్గుడిని చేసేసి చేతులు దులుపుకోవడం తేలిక. కానీ నాకు ఆయన బాధ కూడా అర్థమవుతుంది. అది ఆయన మూత. రాత్రుళ్ళు కూర్చుని కంపుకొట్టే ముద్దల్ని శుద్ధి చేసింది ఆయన. కానీ ఆ మూత నాలుగేళ్ళు దుకాణాల్లో దుమ్ము కొట్టుకుని ఉంది. మూత ఎంత మంచిదైనా, దాన్ని పెట్టడం వచ్చిన మనిషి ఉన్నప్పుడే అది మూత. లేకపోతే ప్లాస్టిక్ బిళ్ళ.

మన వైపుకి వద్దాం. మనకి మిగిలింది దాచుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నం మిగిలితే నీళ్ళు పోసి పొద్దున్నే చద్దన్నం. పచ్చళ్ళకి జాడీ, మూతికి గుడ్డ కట్టడం. పెరుగుకి ఉట్టి. తర్వాత స్టీలు డబ్బాలు, హార్లిక్స్ సీసాలు. ఒక ఐస్‌క్రీమ్ డబ్బా తెరిస్తే అందులో కందిపొడి ఉండి గుండె పగిలిన బాల్యం మీక్కూడా ఉండే ఉంటుంది. ఉన్న డబ్బాని పారెయ్యకపోవడం మన రక్తంలో ఉంది. ఇప్పటికీ బిర్యానీ తెప్పించుకున్న డబ్బా కడిగి దాచని ఇల్లు చూపించండి.

టప్పర్‌వేర్ మన దేశానికి 1996లో వచ్చింది. అదే పార్టీ పద్ధతి, అవే ఇళ్ళు. గుంటూరులో మా వీధికి వచ్చేసరికి నేను మూడో తరగతో నాలుగో తరగతో. వీధి చివర ఆంటీ వాళ్ళాయన కొట్టు మూతపడింది. ఆవిడ ఒక సంచీ నిండా రంగు రంగుల డబ్బాలతో మా ఇంటికి వచ్చింది. అమ్మ పక్కింటి వాళ్ళని నలుగుర్ని పిలిచింది, అందరికీ టీలు పెట్టింది. ఆంటీ ఒక డబ్బాలో నీళ్ళు పోసి, మూత మధ్యలో నొక్కి, తుస్సుమనిపించి, మా నాన్న చదువుకుంటున్న పేపర్ మీద తలకిందులుగా పట్టుకుంది. నాన్న పేపర్ లాక్కున్నారు. ఒక్క చుక్క పడలేదు. అందరూ ఘొల్లున నవ్వారు. ఫ్లోరిడాలో బ్రౌనీ వైజ్ చేసిన ప్రదర్శనే అది, యాభై ఏళ్ళ తర్వాత, మా ముందుగదిలో.

ఆ తర్వాత నేనూ మా నాన్నా ఆవిడని 'డబ్బాల ఆంటీ' అని వెక్కిరించేవాళ్ళం. "స్టీలు డబ్బా ఉండగా ఇంత రేటు పెట్టి ప్లాస్టిక్కు ఎవరు కొంటారు" అనేవారు నాన్న. ఆవిడ అమ్మింది. ఇలాంటి అమ్మకాల్లో అందరూ బాగుపడరు, సరుకు కొని ఇంట్లో పేర్చుకుని నష్టపోయినవాళ్ళూ ఉంటారు. కానీ ఈవిడ నెట్టుకొచ్చింది. కూతురి ఫీజులు ఆ డబ్బాలతోనే కట్టిందని అమ్మ మొన్న ఫోన్లో చెప్పింది. అప్పుడు కొన్న డబ్బాల్లో ఒకటి పసుపు రంగెక్కిపోయి ఇంకా మా ఇంట్లో ఉంది. (పసుపులో రంగుకి నూనె అంటే ప్రేమ, ప్లాస్టిక్కు కూడా నూనె జాతిదే, అందుకే వదలదు. ఎండలో పెడితే కొంత పోతుంది. ఇది కూడా ఆంటీ చెప్పిందే.)

ఇక నా నేరం. రెండేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చోట, గోడౌన్లలో వాడే ఒక అప్లికేషన్ చేశాం. డిజైన్ నాదే. చాలా గర్వంగా ఉండేది. మూడు నెలలు ఎవరూ వాడలేదు, పాత పద్ధతిలో ఎక్సెల్‌లోనే రాసుకునేవాళ్ళు. మా సపోర్టు టీములో ఒకమ్మాయి రోజూ గోడౌన్‌కి వెళ్ళి, అక్కడి వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మాటల్లో వాళ్ళకి చూపించింది. "ఇది మీ రిజిస్టర్ లాంటిదే అన్నా, పేజీ తిప్పే బదులు ఇక్కడ నొక్కు" అని. ఆర్నెల్లలో అందరూ అందులోకి వచ్చేశారు. సక్సెస్ మెయిల్ రాసే పని నాకిచ్చారు. డెవలపర్ల పేర్లు, టెస్టర్ల పేర్లు, క్లౌడ్ మార్చినాయన పేరు కూడా రాశాను. ఆమె పేరు రాయలేదు. మర్చిపోయానని ఇన్నాళ్ళూ అనుకున్నా. నిజం చెప్పాలంటే మర్చిపోలేదు. అది 'పని' అని నాకు అనిపించలేదు. తర్వాతి నెల ఆమె కాంట్రాక్టు అయిపోతే, పొడిగించలేదు. ఆ మెయిల్లో పేరుంటే పొడిగించేవాళ్ళా? ఏమో. కానీ రాయాల్సిన చెయ్యి నాది.

పేటెంట్ల గడువు తీరాక అలాంటి మూతలు అందరూ చేశారు, చవగ్గా. అవసరమైన విద్య అప్పటికే ప్రపంచమంతా నేర్చేసుకుంది, ఇక పార్టీ అక్కర్లేదు. టప్పర్‌వేర్ కంపెనీ అప్పులు మోయలేక 2024 సెప్టెంబర్‌లో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఆ ఏడాది చివర్లో అప్పులిచ్చినవాళ్ళే దాన్ని తీసుకున్నారు. కంపెనీ ఏమైనా, తుస్సుమనే చప్పుడు మాత్రం మన వంటిళ్ళలో ఉండిపోయింది. అది టప్పర్ ఇచ్చింది కాదు, బ్రౌనీ ఇచ్చింది. మా అమ్మ దాకా తెచ్చింది మా వీధి చివర ఆంటీ.

పప్పుచారు బ్యాగు ఉతికి ఆరేసిన రోజు రాత్రి, ఆ సపోర్టు అమ్మాయికి మెసేజ్ పెట్టాను. రెండేళ్ళు ఆలస్యంగా, జరిగింది జరిగినట్టు, ఆ మెయిల్ సంగతి చెప్పి. మా పాత మేనేజర్‌కి కూడా విడిగా రాశాను. ఆమె జవాబు పొద్దున వచ్చింది. "నాకు అప్పుడే తెలుసు. ఇప్పుడు ఇంకో చోట చేస్తున్నా, రిఫరెన్స్ కావాలి, ఇస్తారా?" అని.

ఇస్తానన్నాను. ఈసారి పేరు మొదటి లైన్లోనే రాశాను.